పిడి లేని జిప్పు

సోఫాలు తేలిన వరద వచ్చాక నాలుగో ఏడు ఇది జరిగింది. వంతెన కొట్టుకుపోయిన వరద అంతకు ముందుది, అది వేరు. సోఫాలు తేలిన వరదలో నీళ్లు నడుం దాకా వచ్చేసరికి సోఫాయన కొట్లో ఉన్న పదకొండు సోఫాలూ ఒకదాని వెనక ఒకటి, గొర్రెల మందలా, గుమ్మం దాటి వీధిన పడ్డాయి. ఆఖరి దాని మీద సోఫాయన, ఆయన కూతురు ఉన్నారు. ఇద్దరికీ ఈత రాదు. సోఫా మునగలేదు. నాలుగు వీధులు తేలి, కోర్టు మెట్లకు తగిలి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టగానే కూతురు, "నాన్నా, నేను ఈత నేర్చుకుంటాను" అంది. సోఫాయన సోఫాను ఓసారి తట్టి, "స్పాంజి మంచిది" అన్నాడు.

ఇద్దరూ ఆ మాటల మీదే నిలబడ్డారు. కూతురు ఈత నేర్చుకుంది. వరద తర్వాత ఊరివాళ్ల కోసం కట్టిన ఈతకొలనులో నేర్పే పని కూడా సంపాదించింది. సోఫాయన మాత్రం బకెట్టులో పట్టినన్ని నీళ్లకు మించి నమ్మలేదు. కూతురు పని చేసే చోటు మూడు వీధుల అవతలే అయినా ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు.

ఆయన మాట్లాడే మనిషి కాదు. సోఫా బిగించేటప్పుడు నోట్లో చిన్న మేకులు నాలుగైదు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొడతాడు. నలభై ఏళ్లు అలా మేకులు ఉన్న నోట్లో మాటలకు చోటు దొరకలేదు. మేకులు లేనప్పుడు కూడా ఆ అలవాటు పోలేదు.

కూతురికి వచ్చిన కష్టం ఏమిటంటే, ఊరివాళ్లు ఈతకు రాలేదు. వరద చూసినవాళ్లకు నీళ్లంటే గుండె దడ. క్లాసుకు ఇద్దరే వస్తున్నారు. వాళ్లు కూడా గట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకుని వెళ్తారు. అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. మోనోఫిన్ అని ఒకటుంది. రెండు పాదాలూ కలిపి దూర్చే ఒకే రెక్క, చేటంత వెడల్పు. దాని మీద నడుం దాకా చేప తొడుగు వేసుకుంటే మనిషి సగం చేప అయిపోతుంది. కాళ్లు విడివిడిగా కొట్టేది లేదు. రొమ్ము దగ్గర పుట్టిన అల నడుం మీదుగా తోకలోకి దిగాలి. అది బాగా వచ్చినవాళ్లు నీళ్ల అడుగు నుంచి పైకి ఎగరగలరు. ఆమె ఎనిమిది నెలలు కష్టపడి నేర్చుకుంది. 'నీళ్లలోకి రండి అంటే రారు. చేపను చూడండి అంటే వస్తారు. వచ్చాక నేను చూసుకుంటాను' అనేది ఆమె లెక్క.

కొలను మేనేజరుకు ఆ లెక్క ఎక్కలేదు. శుక్రవారం పిలిచి చెప్పేశాడు. "ఆదివారం పదింటికి వస్తాను. నీళ్లలోంచి ఎగిరి గంట కొడతానన్నారుగా, కొట్టండి. చూడ్డానికి జనం కూడా రావాలి. లేదంటే సోమవారం నుంచి క్లాసు లేదు, మీరూ రానక్కర్లేదు."

గంట ఏర్పాటైంది. సోఫాయన తన కొట్టు తలుపుకున్న ఇత్తడి గంట ఊడదీసి ఇచ్చాడు. లోతు వైపు నీళ్లకు మూడడుగుల ఎత్తున, అడ్డంగా కట్టిన తాడుకు దాన్ని వేలాడదీసింది కూతురు. జనం ఏర్పాటు కాలేదు. ఆపైన అదే సాయంత్రం సాధన చేస్తుంటే తోక నిచ్చెన కొక్కేనికి తగులుకుని పై నుంచి కిందికి చిరిగింది. రెక్క బాగానే ఉంది. తొడుగు పోయింది.

"నాన్నా, తోక చిరిగిపోయింది."

"కుడతాను."

"అది సాగే గుడ్డ. నీ మిషను మీద నిలవదు."

"కొత్తది కుడతాను."

"ఆదివారం పొద్దుటికి అవుతుందా?"

సోఫాయన టేపు తీశాడు. నడుం కొలిచాడు, మోకాలు కొలిచాడు, మడమ కొలిచాడు. అలవాటు కొద్దీ చెయ్యి ఆన్చుకునే చోటు కూడా కొలవబోయి ఆగాడు.

ఆదివారం ఎనిమిదింటికల్లా తోక సిద్ధం. సోఫాయన ఆ పొద్దున వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది: కూతురికి తోక తొడిగి చూడాలి, విప్పి సంచిలో పెట్టి ఇవ్వాలి, తర్వాత కొట్టు ముందు కూర్చుని టీ తాగాలి.

కూతురు గుడ్డ కత్తిరించే బల్ల ఎక్కి కూర్చుని తోకను చూసింది. చాలాసేపు చూసింది. ఎవరో నాటకశాల వాళ్లు చెప్పి తీసుకెళ్లని మెరిసే ఆకుపచ్చ సోఫా గుడ్డ. పొలుసులన్నీ మిషను కుట్టుతో వేశాడు. వెన్ను పొడవునా గుడ్డ చుట్టిన బొత్తాలు, వరసగా పద్నాలుగు. పెద్దవాళ్ల ఇంట్లో హాలులో పెట్టుకునే సోఫాకు ఉన్నట్టే ఉన్నాయి.

"బొత్తాలెందుకు నాన్నా?"

"అందం."

"ఇంత లావుందేంటి?"

"ఒంపు."

ఆమె వేలితో నొక్కింది. వేలు లోపలికి దిగి మళ్లీ పైకొచ్చింది. "స్పాంజి పెట్టావా?"

"కొంచెం."

"నాన్నా! స్పాంజి తేలుతుంది. నేను మునగాలి. ఎగరాలంటే ముందు అడుగు దాకా మునగాలి!"

సోఫాయన కిటికీ వైపు చూశాడు. మునగడం అనే మాట ఆయనకు నచ్చలేదు. కానీ నచ్చలేదని చెప్పడానికి చాలా మాటలు కావాలి.

"సరే, టైము లేదు. ఎలాగోలా నేను తొక్కి పట్టుకుంటాను. ముందు సరిపోయిందో లేదో చూద్దాం" అని ఆమె రెక్కలో పాదాలు దూర్చి, తోకలోకి దిగి, బోర్లా పడుకుంది. సోఫాయన జిప్పు లాగాడు. మడమ దగ్గర నుంచి నడుం దాకా వెన్నలా పోయింది. ఎక్కడా ముడత లేదు. తన పని మీద తనకే ముచ్చటేసింది. ఆ ముచ్చటలో ఉండగా ఆయన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. సోఫా దిండ్లకు జిప్పులుంటాయి. కొన్నవాళ్లు ఊరుకోరు. విప్పుతారు, తొడుగు ఉతుకుతారు, తొడుగు కుంచించుకుపోతుంది, మళ్లీ ఎక్కదు. అప్పుడు దిండు చంకన పెట్టుకుని కొట్టు మీదికి తగువుకు వస్తారు. అందుకని సోఫాయన జిప్పు మూయగానే, వేళ్లతో పట్టుకుని లాగే చిన్న రేకు పిడిని పట్టకారుతో పీకి బిస్కెట్ల డబ్బాలో వేస్తాడు. జిప్పు కొసను మడతలోకి తోసి రెండు గట్టి కుట్లు వేస్తాడు. ఇక ఆ దిండును ఎవరూ విప్పలేరు. నలభై ఏళ్లలో ఒక్క దిండుకు కూడా ఆయన ఈ పని చెయ్యడం మర్చిపోలేదు.

టక్కుమంది. డబ్బాలో ఠంగుమంది. సూది రెండుసార్లు దిగింది.

"నాన్నా, ఏంటా చప్పుడు?"

సోఫాయన తన చేతిలోని పట్టకారు వైపు, ఎవరో తెచ్చి పెట్టినట్టు చూశాడు.

"పిడి" అన్నాడు.

"ఏ పిడి?"

"తీసేశాను."

"ఎందుకు?"

"అలవాటు."

కూతురు కాసేపు బల్ల మీద మొహం ఆన్చి అలాగే పడుకుంది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. ఆయన కూతురే కదా. మొహం ఎత్తి, "విప్పడానికి ఎంతసేపు?" అంది.

"విప్పితే మళ్లీ మూసుకోదు. పిడి కొత్తది ఎక్కించాలి. గంటసేపు."

గడియారం తొమ్మిదిం పావు చూపిస్తోంది.

"విప్పొద్దు. ఎలాగూ తొడుక్కోవాల్సిందేగా! నన్ను బండి మీద తీసుకుపో" అంది ఆమె, చేపకు నడక ఎందుకన్నంత ధీమాగా.

బండి అంటే సోఫాలు ఇళ్లకు చేర్చే నాలుగు చక్రాల చెక్క బండి. దాని మీద ఆమెను వెల్లకిలా పడుకోబెట్టాడు. ఆమె ఇంకా చెప్పింది. "పైన గుడ్డ కప్పు. తోక ముందే చూస్తే మేనేజరుకి కొత్త పోతుంది. మొహం మీద కూడా కప్పు, వెలుగు పడితే నా సాధన కుదరదు. దారంతా ఊపిరి బిగపట్టే సాధన చెయ్యాలి, కదలకూడదు. చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుంటున్నా. ఎవరైనా పలకరిస్తే నన్ను కదపనివ్వకు. తోక సంగతి నువ్వు కూడా చెప్పకు. చెప్పకుండా ఉండగలవా?"

సోఫాయన ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కొట్లో దొరికిన ఒకే పెద్ద గుడ్డ, సోఫా అడుగున కొట్టే తెల్ల గుడ్డ, తల నుంచి తోక దాకా కప్పి బండి తోశాడు.

మొదటి మలుపులో లాండ్రీ ఉంది. లాండ్రీ ఆవిడ ఇస్త్రీ పెట్టె ఎత్తి పలకరించబోయింది. బండి చూసింది. గుడ్డ కింద నుంచి వేలాడుతున్న జడ కొసను, దానికున్న నీలం రిబ్బను చూసింది. ఆ రిబ్బను ఇస్త్రీ చేసింది తనే.

"అన్నయ్యా... అమ్మాయా?"

సోఫాయన తల ఊపాడు. అది తోక సంగతి కాదు కదా.

"నిన్న సాయంత్రం నాతో నవ్వుతూ మాట్లాడిందే! కాళ్లు చూడు, చేటల్లా ఎలా వాచిపోయాయో తల్లికి! ఎలా జరిగింది అన్నయ్యా?"

సోఫాయనకు పట్టకారు గుర్తొచ్చింది. "నా తప్పే" అన్నాడు.

"ఊరుకో అన్నయ్యా. కన్నవాళ్లకు అలాగే అనిపిస్తుంది. ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?"

"కొలనుకి."

లాండ్రీ ఆవిడ కళ్లు నిండాయి. "ఔనులే, అదంటే ప్రాణం దానికి. ఒక్కసారి చూపించి తీసుకెళ్తావు." ఇస్త్రీ పెట్టె ఆపి, కొంగు నడుంకు దోపుకుని బండి వెనక నడిచింది.

సోఫాయనకు ఆవిడ ఎందుకు వస్తోందో అర్థం కాలేదు. అడగడం ఆయన పద్ధతి కాదు. జనం రావాలని మేనేజరు అన్నాడు, ఒకరు వస్తున్నారు, మంచిదే అనుకున్నాడు.

సెలూన్ ముందు బండి వచ్చేసరికి లాండ్రీ ఆవిడ ఏడుపు బండి కంటే ముందు చేరింది. సెలూన్ ఆయన కత్తి చేత్తోనే బయటికొచ్చాడు. ఆయన వెనక సగం గీసిన గడ్డంతో, మిగతా సగం నురగతో లెక్కల మాస్టారు వచ్చాడు.

"బాబాయ్, ఇదేం ఘోరం! మొన్నేగా నన్ను ఈతకు రమ్మని పిలిచింది. ఇవాళ రేపు అంటూ తప్పించుకున్నాను" అన్నాడు సెలూన్ ఆయన.

"నన్ను మూడుసార్లు పిలిచింది" అన్నాడు మాస్టారు, లెక్క తప్పకుండా.

"నన్ను అయిదుసార్లు" అంది లాండ్రీ ఆవిడ. అక్కడి నుంచి ఎవరిని ఎన్నిసార్లు పిలిచిందో చెప్పుకుంటూ నడిచారు. ఒక్కొక్క కొట్టూ సగం తలుపు వేసుకుంటోంది. టోపీలున్నవాళ్లు తీసి చేత పట్టుకున్నారు. పూలకొట్టు ముసలమ్మ లేచింది. కొట్టు ముందున్న పెద్ద పసుపుపచ్చ పూలగుత్తి ఒకటి తెచ్చి, ముఖం దగ్గర గుడ్డ మీద పెట్టి, వెనక చేరింది. సోఫాయన ఆ గుత్తి వైపు చూశాడు. ప్రదర్శనకు పూలు ఇవ్వడం మర్యాదే. వద్దనలేదు.

కొలను గేటు చేరేసరికి బండి వెనక అరవై మంది ఉన్నారు. చక్రాల కిర్రు తప్ప చప్పుడు లేదు. గుడ్డ కింద కూతురు నిమ్మళంగా రెండో విడత ఊపిరి బిగపట్టింది. ఎనిమిది నెలల్లో ఎన్నడూ అంత బాగా కుదరలేదని తర్వాత తనే చెప్పింది.

మేనేజరు లోతు వైపు గట్టు మీద గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. చేతిలో ఫైలు, ఫైలులో ఉత్తరం, ఉత్తరానికి క్లిప్పు. సోమవారం నుంచి క్లాసు లేదన్న ముక్క అందులో టైపు చేయించి, సంతకం కూడా పెట్టి తెచ్చుకున్నాడు. పది దాటి అయిదు నిమిషాలైంది. ఇద్దామనుకుంటుండగా గేటు తెరుచుకుని బండి లోపలికొచ్చింది, ఊరు లోపలికొచ్చింది.

"ఏమిటిది?" అన్నాడు.

"ఇంకేముందయ్యా!" అంది లాండ్రీ ఆవిడ. "ఈ కొలను కోసం ప్రాణం పెట్టింది. నెగ్గకపోతే క్లాసు తీసేస్తానని పరీక్ష పెట్టారటగా మీరు? నిన్న నాతో చెప్పింది. చూసుకోండి, వచ్చింది."

మేనేజరు తెల్లగుడ్డ చూశాడు. పూలు చూశాడు. మాట పలుకు లేకుండా నిలబడ్డ తండ్రిని చూశాడు. "శుక్రవారం బాగానే ఉందే... నేను కాస్త గట్టిగా మాట్లాడాను కానీ..."

"క్లాసు తీసేస్తానన్నది మీరేనా?" అన్నాడు సెలూన్ ఆయన. ఆయన మామూలుగానే అడిగాడు. చేతిలో కత్తి ఉందన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. మేనేజరుకు మాత్రం అదే కనిపించింది.

"ఎవరన్నారు! నేనా? తీసెయ్యడమా?" ఉత్తరాన్ని ఫైలులోకి తోసేశాడు. గొంతు సవరించుకున్నాడు. అరవై మంది వింటున్నారు. అంతమంది వినడం ఆయన ఉద్యోగంలో అదే మొదలు. మాటలు వాటంతట అవే వచ్చేశాయి. "మిత్రులారా, ఇలాంటి గురువు ఊరికొకరు ఉంటే చాలు. ఆమె మొదలుపెట్టిన క్లాసు ఆగదు. నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఆగనివ్వను. ఇది మీ అందరి ముందు నా మాట. వారానికి రెండు రోజులు కాదు, నాలుగు రోజులు పెడతాను. మనమందరం ఆ క్లాసులో చేరడమే ఆమెకు మనం ఇచ్చే..."

అక్కడ పూలగుత్తి పని చేసింది. పుప్పొడి గుడ్డలోంచి మెల్లగా దిగి, మూడో విడత ఊపిరి పీల్చుకుంటున్న కూతురి ముక్కులోకి పోయింది.

కొలను గోడలు మారుమోగేలా ఒక తుమ్ము వచ్చింది. గుడ్డ లేచింది, పూలు ఎగిరాయి, కూతురు బండి మీద లేచి కూర్చుని చెవుల్లో బిరడాలు పీకుతూ, "టైమైందా నాన్నా?" అంది.

అరవై మందీ ఒక్కసారిగా ఒక అడుగు వెనక్కి వేశారు. మేనేజరు కూడా వేశాడు. మిగతావాళ్ల వెనక నేల ఉంది.

లోతు వైపు పన్నెండు అడుగుల నీళ్లు. మేనేజరు ఒకసారి పైకొచ్చి, "నాకు..." అన్నాడు. రెండోసారి వచ్చి, "ఈత..." అన్నాడు. మూడో మాట చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోయింది. మూడేళ్లుగా ఈతకొలను నడుపుతున్న మనిషికి ఈత రాదు. ఆయన కూడా వరద చూసినవాడే.

గట్టు మీద అరవై మంది ఉన్నారు. అందులో ఈత వచ్చినది ఒక్కత్తె. ఆమె కాళ్లు రెండూ కలిపి కుట్టేసి ఉన్నాయి.

కూతురు ఆలోచించలేదు. బండి మీద నుంచి దొర్లి, చేతులు ముందుకు చాచి నీళ్లలోకి దూకింది. తల మునిగింది, భుజాలు మునిగాయి, నడుం మునిగింది. స్పాంజి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. తల కింద, తోక పైన. నీళ్ల మీద ఆకుపచ్చ తోక, పద్నాలుగు బొత్తాలతో సహా, జెండా కర్రలా నిట్టనిలువుగా లేచింది.

తోక కనిపించింది. తల కనిపించలేదు. ఒకటి, రెండు, మూడు అని మాస్టారు లెక్కపెట్టడం వినిపించింది. తల ఇంకా కనిపించలేదు.

సోఫాయన నడక మొదలుపెట్టాడు. లోతు తక్కువ వైపు మెట్లున్నాయి. చెప్పులు విప్పలేదు. మోకాలు తడిసింది, తొడలు తడిశాయి. నీళ్లు నడుం దాకా వచ్చాయి. వరదరోజు నీళ్లు అంతదాకా వచ్చాక ఆయన సోఫా ఎక్కాడు. ఈసారి సోఫా లేదు. నడుస్తూనే ఉన్నాడు.

అప్పుడు గంట మోగింది.

నీళ్ల కింద నుంచి కూతురు విరుచుకుని ఒక్క కొట్టు కొట్టింది. రెక్క విసురుగా పోయి ఇత్తడి గంటకు తగిలింది. కొట్టు తలుపు మీద ఉండగా అది అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. ఆ ఊపులో తోక వాలింది, వాలిన తోకను మేనేజరు రెండు చేతులా కావలించుకున్నాడు. తల పైకొచ్చింది. కూతురు వెల్లకిలా తిరిగి, గాలి పీల్చుకుని, చేతులతో మెల్లగా నీళ్లు తోసుకుంటూ గట్టు వైపు బయల్దేరింది. తోక మీద మేనేజరు మూడు సీట్ల సోఫా ఎక్కినట్టు బోర్లా పడుకుని ఉన్నాడు. ఇద్దరి బరువుకూ తోక బెత్తెడు కూడా దిగలేదు.

జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో ఎవరికీ సరిగా తెలియదు. కొట్టాలనిపించింది, కొట్టారు.

సగం దారిలో కూతురు తల తిప్పి చూసింది. "నాన్నా, నువ్వు నీళ్లలో ఉన్నావు."

సోఫాయన కిందికి చూసుకున్నాడు. రొమ్ము దాకా ఉన్నాయి.

"ఔను" అన్నాడు.

నిచ్చెన దగ్గర మేనేజరును పైకి లాగారు. తోకను లాగడమే కష్టమైంది. స్పాంజి అప్పటికి నీళ్లు తాగి నిండు గర్భిణిలా ఉంది. ఎనిమిది మంది పట్టుకుంటే గానీ గట్టెక్కలేదు. కుట్లు కోయడానికి సెలూన్ ఆయన చేతిలోని కత్తి అందుకున్నాడు సోఫాయన. పిడి లేని జిప్పును లాగడానికి సన్నటి తీగ ఏదైనా కావాలి. చుట్టూ చూశాడు. మేనేజరుతో పాటు నీళ్లలో పడిన ఫైలును ఎవరో తీసి గట్టు మీద పడేశారు. దాంట్లోంచి ఉత్తరం తీసి, క్లిప్పు ఊడదీసి, వంచి, జిప్పులో దూర్చి లాగాడు. వెన్నలా వచ్చింది. ఉత్తరంలో సిరా అంతా కరిగిపోయింది. కాగితాన్ని మడిచి మర్యాదగా మేనేజరు చేతికే ఇచ్చాడు.

మేనేజరు ఒక తువ్వాలు కింద వణుకుతూ, పోయిన పరువులో కొంతైనా దక్కించుకోవాలని చూశాడు. "ఇందాక నేను అన్నది... అంటే, ఆ సందర్భం వేరు. ఆమె బతికే ఉంది కనక..."

"అదేంటయ్యా!" అని లేచింది లాండ్రీ ఆవిడ. "చచ్చాక ఇస్తానన్నది బతికుండగా ఇవ్వడానికి చేతులు రావా? అరవై మంది విన్నాం. వారానికి నాలుగు రోజులు. నా పేరు రాసుకోండి ముందు."

"నీకు నీళ్లంటే భయం కదక్కా?" అన్నాడు సెలూన్ ఆయన.

"ఆయనకు లేదూ? ఆయనంతటి మనిషే తేలాడు, నేను తేలనా? నా పక్కన నీ పేరు కూడా రాయిస్తున్నా, నోరు మూసుకో."

మాస్టారు నురగ తుడుచుకుంటూ పేర్లు రాశాడు. మొత్తం పది తేలాయి. ఆఖరున తువ్వాలు లోంచి చెయ్యి లేచింది. "పదకొండో పేరు నాది. తోక ఉంటుందా?" అన్నాడు మేనేజరు.

"లేకుండా కూడా నేర్పగలనండీ" అంది కూతురు.

"వద్దు. తోకతోనే."

ఇంటికి వెళ్లేటప్పుడు కూతురు బండి ఎక్కలేదు. పక్కన నడిచింది. బండి మీద తోక ఉంది, నీళ్లు కార్చుకుంటూ.

"ఇంతమంది నాకోసమే వచ్చారా నాన్నా?"

"ఔను."

"నువ్వే పిలిచావా?"

సోఫాయన కొంచెం ఆలోచించాడు. "లేదు. బండి తోశాను."

కొంత దూరం నడిచాక ఆమె మళ్లీ అంది. "మొదటి నెల స్పాంజి ఉండనీ. వాళ్లకు ధైర్యం వచ్చేకొద్దీ ఒక్కో పొర తీసేద్దాం. అందుకు జిప్పు విప్పడానికి రావాలి మరి."

తల ఊపాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఒంపు కోసం కాదుగా స్పాంజి పెట్టింది? నేను మునిగిపోతాననేగా?"

సోఫాయన జేబులో చెయ్యి పెట్టి, నాలుగు మేకులు తీసి నోట్లో పెట్టుకున్నాడు. వాటితో పని ఏమీ లేదు. కూతురు నవ్వి, బండికి తనూ ఒక చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున్నే సోఫాయన కొట్టు తెరిచాడు. బిస్కెట్ల డబ్బా దించి బల్ల మీద బోర్లించాడు. నలభై ఏళ్ల పిడులు కుప్పగా పడ్డాయి. తుప్పు పట్టనివి పదకొండు ఏరి పక్కన పెట్టాడు. టేపు తీసి, వీధిలో ఎవరూ లేరని చూసుకుని, తన నడుం చుట్టూ చుట్టుకుని కొలిచాడు. కుప్పలోంచి ఇంకో రెండు ఏరాడు. ఆ పన్నెండో తోకకు మాత్రం పిడులు రెండు పెట్టాడు, బయట ఒకటి, లోపల ఒకటి.